రాత్రంతా నిప్పు ఆరనియ్యని వాళ్లం



పోయిన డిసెంబరులో పాడేరు వైపు హాస్టల్లో చదువుకునే ఒక చెల్లెలు ఫోన్లో మాతో ఒక మాట అనింది. "అన్నా, ఇక్కడ తెల్లార్లూ నెగడు ఆరనివ్వరు. మీ నాయుడుపేటలో చలే ఉండదు కదా, మీకేటి తెలుసు నెగడు సంగతి?" అని. అందరం నవ్వేశాం. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ మాట మమ్మల్ని వదల్లేదు. నిజంగానే మాకేం తెలుసు? మా కాలనీలో పెద్దోళ్లు ఇప్పటికీ గడప బయట నిప్పు పెట్టుకుని పడుకుంటారు. ఎందుకని మేం ఎప్పుడూ అడగలేదు. పైగా బడికి పోయే రోజుల్లో ఆ పొగ వాసన మా చొక్కాలకి అంటుకుంటే సిగ్గుపడినోళ్లం.

అందుకని ఈసారి కూర్చుని అడిగాం. కొంత పుస్తకాల్లో వెతికాం. ఆ చెల్లెలికి మా జవాబు ఇది. కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

ముందు చలి సంగతి. లంబసింగిలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతుంది. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోయినోడు తెల్లారేసరికి కొర్రలాగా, అంటే కర్రలాగా, బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. ఆదిలాబాదు వైపు సిర్పూర్, తిర్యాణి, గిన్నెధరిలో కూడా ఒంటి అంకె డిగ్రీలు మామూలే. మా నాయుడుపేటలో అదే రాత్రి 20 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. లెక్కలో చూస్తే మాది చలే కాదు.

కానీ మాది తడి చలి. రాష్ట్రంలో చాలా చోట్ల వానాకాలం అయిపోయినాక మాకు అసలు వాన మొదలవుతుంది. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పట్టిందంటే మూడు నాలుగు రోజులు ముసురు వదలదు. స్వర్ణముఖి నిండుతుంది, పులికాట్ వైపు పల్లాలన్నీ నీళ్లే. తాటాకు కప్పు కారుతుంది, గుడిసె నేల చెమ్మ ఊరుతుంది, కట్టుకున్న గుడ్డ రెండు రోజులైనా ఆరదు. పొడి ఒంటికన్నా తడి ఒళ్లు ఎన్నో రెట్లు తొందరగా వేడిని పోగొట్టుకుంటుంది. పొడి ఇంట్లో, పొడి దుప్పట్లో పడుకున్నోడికి 20 డిగ్రీలు హాయి. తడి నేల మీద, తడి చీర కప్పుకుని, సముద్రం గాలి కొడుతుంటే పడుకున్న బిడ్డకి అదే 20 డిగ్రీలు గజగజ వణుకు. థర్మామీటరు కొండకీ తీరానికీ ఒకే లెక్క చెప్తుంది. ఒంటికి ఆ లెక్క చాలదు.

కాబట్టి చెల్లీ, నెగడు మాకూ ఉంది. మీది మంచుని నిలబెట్టే నెగడు, మాది తడిని ఆరబెట్టే నెగడు. దాని పక్కనే గుడ్డలు ఆరాలి, వలలు ఆరాలి. ఆ పొగకి దోమ దూరంగా పోవాలి. చీకట్లో పాము వస్తే ఆ వెలుతుర్లో కనపడాలి.

మా కాలనీలో ఒక అవ్వ ఉంది. ఆమెని అడిగితే నవ్వి ఇట్లా చెప్పింది. "నిప్పు రగలేసేది ఎవురైనా చేస్తారబ్బయ్యా. ఆరకుండా నిలబెట్టేదే పని."

ఆ పని ఎట్లా చేస్తారో విని రాసుకున్నాం. తాటిమట్ట, కొబ్బరిమట్ట భగ్గుమని లేచి చల్లారిపోతాయి, అవి రగలేసేదానికే. నిలబెట్టాలంటే తుమ్మ మొద్దో, చింత మొద్దో కావాలి. మొద్దుని నరకరు. ఒక కొస నిప్పులో పెట్టి, కాలేకొద్దీ లోపలికి నెడతా ఉంటారు. సరుగుడు కట్టె కొంచెం పచ్చిగా ఉన్నా మండుతుంది, అందుకని ముసురు రోజుల్లో దానికే విలువ. ఒక జాము ఒకరు, ఇంకో జాము ఇంకొకరు లేచి మొద్దు నెడతారు. దగ్గు ఎక్కువున్న తాతకి ఎట్లాగూ నిద్ర పట్టదు కాబట్టి తెల్లవారుజాము ఆయనది.

వంట పొయ్యిలో అయితే పడుకోబోయే ముందు నిప్పుల్ని ఒక చోటికి పోగుచేసి, పైన బూడిద కప్పుతారు. బూడిద గాలిని తగలనియ్యదు, లోపలి వేడిని బయటికి పోనియ్యదు. నిప్పు చావదు, మండిపోనూ పోదు. తెల్లారి బూడిద పక్కకి తీసి, నాలుగు ఎండు పుల్లలు పెట్టి ఊదితే చాలు. నివురుగప్పిన నిప్పు అని తెలుగోళ్లందరూ అనే మాటే ఇది. పేపర్లో పైకి కనపడని కోపానికి దాన్ని వాడతారు. మా అవ్వకి మాత్రం అది రోజూ రాత్రి చేసే పని.

ఎందుకంత జాగ్రత్త? ఆరిపోతే మళ్లీ వెలిగించుకోవచ్చు గదా అని మేం అడిగాం. ఇక్కడే చరిత్ర మొదలవుతుంది.

మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారతదేశ కులాలు, తెగల మీద ఏడు సంపుటాల పుస్తకం అచ్చువేయించాడు. కె. రంగాచారి ఆయనకి సాయం. అందులో యానాదుల మీద చాలా పేజీలున్నాయి. మంచి యానాదులనీ, చల్లా యానాదులనీ, అడవి యానాదులనీ మనల్ని వర్గాలు చేసి పెట్టాడు. చదువుతుంటే చాలా చోట్ల ఒళ్లు మండుతుంది, మనుషుల్ని కాదు వస్తువుల్ని లెక్కపెట్టినట్టు ఉంటుంది. అయినా అందులో ఒక చోట మన విద్య దొరుకుతుంది. ఒక పొట్టి కర్ర, ఒక పొడుగు కర్ర. పొట్టి కర్రలో చిన్న గుంట తొలిచి, దాన్ని నేలకి అదిమిపట్టి, పొడుగు కర్రని ఆ గుంటలో నిలబెట్టి అరచేతుల మధ్య గిరగిరా చిలికితే పుట్టిన నిప్పుతో గుడ్డపేలికో, ఎండుటాకో అంటిస్తారని రాశాడు. ఏ చెట్టు కర్రైనా పనికిరాదు, దానికి తగిన చెట్లు వేరే ఉన్నాయి.

ఇప్పుడు ఆలోచించండి. ఎండాకాలంలో ఈ పని అవుతుంది. మూడు రోజుల ముసురులో, కర్ర తడిసి, ఆకు తడిసి, చెయ్యి వణుకుతుంటే చిలికినా నిప్పు పుట్టదు. అంటే నిప్పు ఎప్పుడు అన్నిటికన్నా అవసరమో అప్పుడే దాన్ని పుట్టించడం అన్నిటికన్నా కష్టం. అందుకే ఆరనియ్యకూడదు. అగ్గిపెట్టె తర్వాత వచ్చింది. స్వీడన్ కంపెనీ వాళ్ల విమ్‌కో మన దేశంలో పెట్టింది 1923లో, శివకాశిలో అగ్గిపెట్టెల పని మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. అగ్గిపెట్టె వచ్చినాక కూడా ముసురులో అది తడిస్తే మట్టితో సమానం.

అవ్వ 84 గాలివాన సంగతి చెప్పింది. 1984 నవంబరు 14న శ్రీహరికోట దగ్గర తీరం దాటిన పెనుతుపాను అది. అప్పటికి ఆమెకి ఇద్దరు బిడ్డలు. గుడిసె కప్పు లేచిపోయింది. కాలనీ వాళ్లంతా బడి వరండాలోకి పోయి కూర్చున్నారు. అందరి అగ్గిపెట్టెలూ నానిపోయాయి. ఒక ముసలాయన మాత్రం పాత కుండలో బూడిద పోసి, మధ్యలో నిప్పులు పెట్టి, పైన పెంకు మూసి, గోనెపట్ట కప్పుకుని ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. బియ్యం తేలేదు, బట్టలు తేలేదు, ఆ కుండ తెచ్చాడు. "ఆ రాత్రి ఆ కుండ చుట్టూతానే బిడ్డలందర్నీ పడేశాం. తెల్లారి కాలనీ మొత్తానికీ ఆ నిప్పే" అనింది. మళ్లీ ఒక్క మాట అనింది. "నిప్పుంటే సరిపోదబ్బయ్యా, కట్టె ఉండాల గదా. కట్టె మంది కాదు."

కట్టె మంది కాదు. ఈ పోస్టులో మేం చెప్పదల్చుకున్నది కూడా అదే. చలిని ఎట్లా తట్టుకోవాలో మన పెద్దోళ్లకి ఎప్పుడూ తెలుసు. ఆ విద్యకి కావాల్సిన కట్టెని మన చేతుల్లోంచి ఎవరు, ఎప్పుడు తీసుకున్నారన్నదే మన చలి చరిత్ర.

మన పక్కనున్న శ్రీహరికోటనే చూడండి. ఒక వైపు బంగాళాఖాతం, ఇంకో వైపు పులికాట్, మధ్యలో అడవి. ఆ అడవిలో యానాదులే ఉండేవాళ్లు. దుంపలు, తేనె, చేపలు, రంగుల అద్దకానికి వాడే చిరివేరు. 1835లో ఆ దీవి కంపెనీ ప్రభుత్వం చేతికి పోయింది. అడవిలో దొరికేది మన వాళ్లు తెచ్చి సర్కారుకి ఇయ్యాలి, బదులుగా బియ్యమో గుడ్డో తీసుకోవాలి. అంటే అడవి సర్కారుది, చాకిరీ మనది.

తర్వాత మద్రాసు పట్నం పెరిగింది. లక్షల మందికి పొద్దున్నా సాయంత్రం పొయ్యి వెలగాలి, కట్టె కావాలి. శ్రీహరికోట కట్టె పడవల మీద కాలువ గుండా మద్రాసుకి పోయింది. ఆ కాలువే బకింగ్‌హామ్ కాలువ. 1806 నాటికే మద్రాసు దగ్గర మొదలై, ముక్కలు ముక్కలుగా మన తీరం పొడుగునా పెరిగింది. 1876-78 కరువులో ఆకలితో వచ్చిన కూలీల చేత తవ్వించి దాన్ని కలిపారు. అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు దానికి పెట్టారు. రైలింజన్లకీ కట్టె కావాల్సి వచ్చింది. ఆ శతాబ్దం రెండో సగంలో నెల్లూరు తీరం ఇసక మీద సరుగుడు తోటలు లేచాయి. ఇప్పుడు మనం తీరంలో చూసే సరుగుడు ఇక్కడ పుట్టిన చెట్టు కాదు, పొయ్యిల కోసం పట్టుకొచ్చి నాటిన చెట్టు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అని గీత గీసినాక ఆ గీత లోపల కట్టె తీస్తే నేరం. అంటే ఏం జరిగిందో చూడండి. పట్నంలో పొయ్యి ఆరకూడదని మన అడవిలోంచి పడవల కొద్దీ కట్టె పోయింది, అది వ్యాపారం. మన గుడిసె ముందు నెగడు ఆరకూడదని ఒక అమ్మ మోపు కట్టె తెచ్చుకుంది, అది దొంగతనం. కట్టె ఒకటే, అడవి ఒకటే, మోసుకొచ్చిన చేతులు కూడా అవే.

దొంగతనం అనే మాట అక్కడితో ఆగలేదు. నేరస్త తెగల చట్టం 1871లో ఉత్తర భారతంలో పుట్టి, 1911 చట్టంతో మద్రాసు రాజధానికి వచ్చింది. మన జిల్లాల్లో ఎరుకల వాళ్లూ, యానాదుల్లో కొన్ని గుంపులూ దాని కిందికి వచ్చారు. పేరు రాయించుకోవాలి, వేలిముద్ర ఇయ్యాలి, చెప్పిన వేళకి హాజరు పలకాలి, ఊరు దాటితే చెప్పి పోవాలి. బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్పలో ఒక సెటిల్మెంటే పెట్టారు. రాత్రి మన వాడు గుడిసెలో ఉన్నాడా లేడా అని చూసుకోవడం పోలీసు పనైపోయింది.

ఇక్కడ ఒక మాట మమ్మల్ని ఆపేసింది. కర్ఫ్యూ అంటాం గదా, ఆ మాట ఎక్కడ పుట్టిందో చూస్తే అది పాత ఫ్రెంచి మాట. నిప్పు కప్పు అని దాని అర్థం. మధ్యయుగాల ఐరోపాలో సాయంత్రం గంట కొడితే ఊళ్లో అందరూ పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పాలి, లేకపోతే చెక్క ఇళ్లు అంటుకుంటాయని. మా అవ్వ చేసే పనే అది! బూడిద కప్పి నిప్పుని కాపాడుకునే ఆ పని పేరు, కాలం పోయేకొద్దీ రాత్రి బయట తిరగకూడదనే ఆజ్ఞకి పేరైపోయింది. మన దగ్గర ఆ రెండూ ఒకే గుడిసెలోకి వచ్చాయి. లోపల అవ్వ నిప్పు కప్పుతా ఉంటే, బయట సర్కారు మనిషిని కప్పెట్టింది.

ఆ చట్టాన్ని దేశమంతటా 1952 ఆగస్టు 31న ఎత్తేశారు. యానాదుల మీద ఆ ముద్ర పోవాలని పనిచేసిన వాళ్లలో నెల్లూరు ప్రాంతానికే చెందిన వెన్నెలకంటి రాఘవయ్య ఉన్నారు. 1962లో ఆయన యానాదుల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం కూడా రాశారు. మన గ్రూపులో చరిత్ర చదివే వాళ్లు థర్‌స్టన్‌ని, రాఘవయ్యని పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒకే జనాన్ని బయట నిలబడి చూడటానికీ, దగ్గర కూర్చుని చూడటానికీ తేడా తెలుస్తుంది.

శ్రీహరికోట కథ ఇంకో మలుపు తిరిగింది. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. దీవి ఖాళీ చేసి వచ్చిన వాళ్లలో మన యానాదులు ఉన్నారు. ఈ రోజు రాకెట్ పోతుంటే మా నాయుడుపేట మిద్దెల మీద నుంచి కూడా ఆ వెలుగు కనిపిస్తుంది. 2023 జులై 14న చంద్రయాన్-3 పోయినప్పుడు మేమూ చప్పట్లు కొట్టాం, అబద్ధం ఎందుకు. గర్వంగానే ఉంటుంది. కానీ ఆ అడవిలో నిప్పు చిలికిన వాళ్ల మనవళ్లం ఆ నిప్పుని ఇంత దూరం నుంచి చూస్తున్నామని కూడా గుర్తొస్తుంది.

ఇది మా ఒక్కరి కథ అయితే ఇంత పొడుగు రాయం. చెల్లీ, నువ్వున్న కొండల్లో కూడా ఇదే కథ. పోడు మీద, అడవి మీద ఆంక్షలు పెరిగినందుకు కూడా 1879లో రంప కదిలింది. మళ్లీ 1922 ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. చలికి పేరుమోసిన లంబసింగి ఆ చింతపల్లి మండలంలోదే. అట్లాగే నిజాం కాలంలో ఆదిలాబాదు గోండుల మీద పశువులు మేపినందుకు పన్ను, పొయ్యిలోకి కట్టె తెచ్చుకున్నందుకు పన్ను. బంబ్రం, దూపపెట్టి అని ఆ పన్నులకి పేర్లు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చిన పోరాటంలో ఆ కట్టె మోపు కూడా ఉంది. జల్, జంగల్, జమీన్ అని మనం నినాదం ఇస్తాం. జంగల్ అంటే పులులు, టేకు మాత్రమే అనుకోవద్దు. చలికాలం రాత్రి అమ్మ పొయ్యి పక్కన పెట్టుకునే ఆ నాలుగు మొద్దులు కూడా జంగలే.

ఇప్పుడు ఈ కాలానికి వద్దాం. ఒక తమ్ముడు అడిగాడు, "కరెంటు ఉంది, గ్యాసు ఉంది, ఇంకా నెగడు ఏందన్నా?" అని. మంచి ప్రశ్నే. లెక్క వేసి చూశాం. గది వేడి చేసే మామూలు హీటరు 2000 వాట్లది. గంటకి 2 యూనిట్లు. చలిదేశాల్లో లాగా రాత్రీ పగలూ ఆపకుండా నడిపితే రోజుకి 48 యూనిట్లు. మన రాష్ట్రంలో ఎస్టీ ఇళ్లకి నెలకి 200 యూనిట్ల దాకా ఉచితం అంటారు. ఆ హీటరుకి అది 100 గంటలు, అంటే నాలుగు రోజుల పైన నాలుగు గంటలు. ఇంట్లో బల్బూ ఫ్యానూ వేసుకోకుండా! మిగతా ఇరవై ఆరు రోజులు? లంబసింగి చలి నాలుగు రోజుల్లో పోదు గదా.

గ్యాసు 2016 నుంచి ఉజ్వల పథకంలో చాలా ఇళ్లకి వచ్చింది. వంటకి మేలే, అమ్మల ఊపిరితిత్తులకి ఇంకా మేలు. కానీ సిలిండరుతో చలి కాచుకోలేం. కాబట్టి నెగడుని తీసేసే వస్తువు మన ఇంట్లోకి ఇంకా రాలేదు.

కరెంటుతో చలి కాచుకునే వాళ్లకి కూడా భరోసా లేదని 2021 ఫిబ్రవరి చూపించింది. అమెరికాలో టెక్సాస్, మన తెలుగు వాళ్లు వేలల్లో ఉండే డల్లాస్, హ్యూస్టన్ ఉన్న రాష్ట్రం. మంచు తుపాను వచ్చి 45 లక్షల ఇళ్లకి కరెంటు పోయింది. హీటర్లు ఆగిపోయాయి, పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పైపులు పగిలాయి. కొందరు ఇంట్లోనే బొగ్గుల పొయ్యి పెట్టుకున్నారు, కొందరు మూసిన షెడ్డులో కారు ఇంజను ఆన్ చేసి అందులో కూర్చున్నారు. విషవాయువుకి ప్రాణాలు పోయాయి. అంత పెద్ద దేశంలో కూడా, వేడి ఇంకొకరి చేతిలో ఉంటే, అది ఆగిన రోజున మనిషి మళ్లీ నిప్పు దగ్గరికే పోతాడు. ఆ నిప్పుని ఎట్లా పెట్టుకోవాలో తెలియకపోతే చచ్చిపోతాడు.

అందుకని ఈ మాట గట్టిగా చెప్తున్నాం, ముఖ్యంగా హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి. తలుపులు, కిటికీలు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని ఎప్పుడూ పడుకోవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి రంగు ఉండదు, వాసన ఉండదు. తలనొప్పి, మత్తు, ఆ తర్వాత లేవరు. పాత తాటాకు గుడిసెకి సందులుండేవి, పొగ పోయేది. నెగడు గడప బయట ఉండేది. అవ్వోళ్ల విద్యలో ఆ గాలి కూడా ఒక భాగం. సిమెంటు గదిలోకి ఆ కుంపటిని ఉన్నదున్నట్టు తెస్తే అదే మన ప్రాణం తీస్తుంది. పొగని కూడా గొప్ప చేసి చెప్పం. ఆ పొగకే మన అమ్మమ్మల కళ్లు పోయాయి, తాతలకి దగ్గు పట్టింది. పాతది కాబట్టి అంతా మంచిదని మేం అనడం లేదు.

మరి ఏం కావాలి?

మొదట పొడి ఇల్లు. మా కాలనీలో కట్టిన ఇళ్లలో కొన్ని పదేళ్లు తిరక్కముందే కారుతున్నాయి. నేల చెమ్మ. పొయ్యికి చోటే లేదు, పొగ పోయే దారి లేదు. అందుకే పెద్దోళ్లు ఇల్లు ఉండి కూడా బయట నిప్పు దగ్గర పడుకుంటారు. చూసేవాళ్లు, వీళ్లకి ఇల్లు కట్టిచ్చినా ఆరుబయటే పడుకుంటారని నవ్వుతారు. కట్టేటప్పుడు మన అమ్మల్ని ఒక్క మాట అడిగుంటే ఆ నవ్వు ఉండేది కాదు. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ ఇళ్ల పథకం చెంచు, కొండరెడ్డి, కొలాం లాంటి ఆదిమ తెగలకి. యానాదులు ఆ జాబితాలో లేరు. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో 5 లక్షలు దాటిన జనం మనం. మన ఇళ్ల సంగతి మనమే అడగాలి.

రెండోది కట్టె మీద హక్కు. 2006 అటవీ హక్కుల చట్టం చదవండి. చిన్న తరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో తేనె, మైనం, వెదురుతో పాటు కంపా, మోళ్లూ కూడా రాసి ఉన్నాయి. మన నెల్లూరు తీరం ఐదో షెడ్యూలు ప్రాంతం కాదు, 1/70 మనకి వర్తించదు. కానీ ఈ చట్టం షెడ్యూలు ప్రాంతానికే పరిమితం కాదు, అడవి భూమి ఎక్కడున్నా వర్తిస్తుంది. ఇది మన వాళ్లలో చాలామందికి తెలియదు. ఇప్పుడు మన చుట్టూ పెరిగేదంతా సర్కారు తుమ్మ. దాన్ని కొట్టి బొగ్గు చేసే బట్టీల్లో పనిచేసేది కూడా మన వాళ్లే. అప్పు తీసుకుని, కుటుంబం మొత్తం బట్టీ పక్కనే ఉండిపోయి, పోదామంటే పోనియ్యని చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. వెట్టిని 1976లోనే చట్టం రద్దు చేసింది. ఆనాడు పట్నం పొయ్యికి కట్టె మోసినట్టే, ఈనాడు పట్నం హోటళ్లకి బొగ్గు కాలుస్తున్నాం. అట్లాంటి కుటుంబం మీకు తెలిస్తే ఊరుకోవద్దు, కలెక్టరు ఆఫీసుకి రాసి ఇయ్యండి. మాకు చెప్పినా మేం రాస్తాం.

మూడోది హాస్టలు. మాలో కొందరం చదువుకున్న ఒక హాస్టల్లో దుప్పట్లు వచ్చింది సంక్రాంతి పోయినాక. వచ్చినప్పుడు ఫోటో తీశారు, మేం నవ్వాం. చలి అప్పటికే వెళ్లిపోయింది. డిసెంబరులో మాత్రం ఇద్దరం ఒక చాప మీద, ఒకే దుప్పట్లో. వాన పడిన రాత్రి కిటికీకి రెక్క లేక లేచి కూర్చునేవాళ్లం. చదువు ఎట్లా తలకెక్కుద్ది? అందుకని ఈ ఏడాది నుంచి ఒక పని చేద్దాం. ప్రతి హాస్టల్లో మన వాళ్లు సెప్టెంబరు లోపల లెక్క రాయండి. ఎంతమంది పిల్లలు, ఎన్ని దుప్పట్లు, ఎన్ని కిటికీలకి రెక్కలు లేవు, వేడినీళ్లు వస్తాయా రావా. వార్డెనుకి ఒక కాపీ, పై ఆఫీసుకి ఒక కాపీ. చలి వచ్చినాక ఏడిస్తే దుప్పటి రాదు. వాన ముందే మొద్దు తెచ్చి పెట్టుకునే జనం మనం, ఈ సంగతి మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

చివరిగా ఇంకొక్కటి. మీ ఇంట్లో, మీ గూడెంలో, మీ తండాలో నిప్పుని రాత్రంతా ఎట్లా నిలబెట్టేవాళ్లో పెద్దోళ్లని అడిగి రాయండి. ఏ చెట్టు కట్టె, ఎవరు కాపలా, ముసురులో ఏం చేసేవాళ్లు. గదబ, కోందు, చెంచు, లంబాడ, ఎరుకల, ఎవరి మాట వాళ్ల భాషలోనే రాయండి. థర్‌స్టన్ రాసుకున్నాడు, మనం ఎందుకు రాసుకోకూడదు?

మేం రాసుకోవడం మొదలుపెట్టిన రోజు రాత్రి, అవ్వ పడుకోబోతూ పొయ్యి దగ్గరికి పోయింది. మాలో ఒకడు లేచి, "నేను కప్పుతాను అవ్వా" అన్నాడు. చెయ్యి కాల్చుకున్నాడు. బూడిద ఎక్కువ పోశాడు. అవ్వ పక్కకి తోసి, రెండు వేళ్లతో కొంచెం బూడిద తీసేసి, "గాలి కొంచెం ఆడాల. లేకపోతే సచ్చిపోద్ది" అనింది.

తెల్లారి ఊదితే, ఉంది.

చెల్లీ, ఇదీ మాకు తెలిసిన నెగడు సంగతి. ఇప్పుడు నువ్వు మీ కొండ మీది సంగతి రాయి.

జోహార్లు.